హాలోజన్ డూమ్‌లో జినాన్ బల్బు పెట్టొచ్చా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. 2013 మోడల్ స్విఫ్ట్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న. విత్తనాల వ్యాపారం కాబట్టి వారానికి రెండు మూడుసార్లు హైదరాబాద్ పోయి రాత్రిపూట తిరిగొస్తుంటా. మాల్ ఊరు దాటినంక ముందు ఏముందో ఆనదు. మొన్న ఒకతను రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టాడు, దగ్గరికొచ్చేదాకా కనబడలేదు, టైరు రాయికి గీసుకుపోయింది. సిటీలో ఒక షాపాయన హెచ్‌ఐడీ కిట్, అదే జినాన్ బల్బులది, వేయించుకోమంటున్నాడు. 55 వాట్లది, 8000 కెల్విన్ అట. మూడింతల వెలుగు వస్తది, అరగంటలో బిగిస్తా, ఒక్క వైరు కూడా కోయను అంటున్నాడు. వేయించుకోవాలా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: వద్దు తమ్ముడూ. మీ ఇబ్బంది నిజమైనదే, ఆ రోడ్డు నాకు తెలుసు, చింతపల్లి దాటాక రాత్రి తొమ్మిదికే చిమ్మచీకటి, వెనక లైటు లేని ట్రాక్టరు ఎక్కడ ఆగి ఉంటుందో తెలియదు. కానీ ఆ ఇబ్బందికి ఆ కిట్ మందు కాదు. ఎందుకు కాదో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే షాపాయన చెప్పిన దాంట్లో ఒక ముక్క నిజం ఉంది, అందుకే చాలామంది నమ్ముతున్నారు.

ఆ నిజం ఏంటంటే జినాన్ బల్బు నిజంగానే ఎక్కువ వెలుగు ఇస్తుంది. మీ స్విఫ్ట్‌లో ఉండేది హెచ్4 హాలోజన్, 60/55 వాట్లు (ఫుల్‌లో 60, డిమ్‌లో 55). డిమ్‌లో అది ఇచ్చేది సుమారు 1000 ల్యూమెన్లు (ల్యూమెన్ అంటే వెలుగు కొలత). కంపెనీ నుంచే జినాన్‌తో వచ్చే కార్లలో వాడే డీ2ఎస్ బల్బు 35 వాట్లకే 3200 ల్యూమెన్ల దాకా ఇస్తుంది. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో ఇవి కార్లలోకి వచ్చినప్పుడు అందరూ ఆశ్చర్యపోయింది అందుకే. జినాన్ బల్బులో హాలోజన్‌లా కాలే తీగ ఉండదు, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య మెరుపులాంటి ఆర్క్ వెలుగుతుంది. అది రాజుకోవడానికి 20 వేల వోల్టులకు పైగా కావాలి, రాజుకున్నాక 85 వోల్టులు చాలు, ఆ పనంతా బ్యాలస్ట్ అనే చిన్న పెట్టె చూసుకుంటుంది. ఇంతవరకూ బాగానే ఉంది.

తేడా వచ్చేది బల్బు చుట్టూ మెరిసే గిన్నెలా ఉన్న డూమ్ దగ్గర. హెడ్‌లైట్ అంటే బల్బు ఒక్కటే కాదు, బల్బూ ఆ మెరిసే గిన్నే కలిస్తేనే హెడ్‌లైట్. మీ పాత హెచ్4 బల్బు ఒకటి చేతిలోకి తీసుకుని వెలుతురులో చూడండి (గాజును వేళ్లతో ముట్టకండి, చేతి జిడ్డు అంటితే అక్కడ వేడెక్కి పగులుతుంది). లోపల రెండు చిన్న తీగచుట్టలు కనిపిస్తాయి. ముందున్న చుట్ట కింద చిన్న చెంచాలాంటి లోహపు ముక్క ఒకటి ఉంటుంది. డిమ్‌లో వెలిగేది ఆ చుట్టే. చెంచా కింది సగాన్ని కప్పేస్తుంది, వెలుగు గిన్నె పై సగానికే తగిలి రోడ్డు మీదికి కిందికి దిగుతుంది. ఆ చెంచా అంచే గోడ మీద మనకు కనిపించే గీతను గీస్తుంది, పైన చీకటి, కింద వెలుగు, ఎడమ వైపు కొంచెం పైకి లేస్తూ. మనం ఎడమ పక్క నడుపుతాం కాబట్టి ఎడమ అంచు కాస్త దూరం కనబడాలి, కుడి వైపు ఎదురొచ్చేవాడి కళ్లలో పడొద్దు. ఇదంతా ఆ తీగచుట్ట ఏ మిల్లీమీటరు దగ్గర ఉందో దాన్ని బట్టి లెక్కగట్టి చేసిన గిన్నె.

ఇప్పుడు అందులో హెచ్‌ఐడీ బల్బు దూర్చితే ఏమవుతుంది? ఆర్క్ ఆకారం వేరు, తీగచుట్టలా సమానంగా వెలగదు, ఎలక్ట్రోడ్ల దగ్గర ఎక్కువ, మధ్యలో కొంచెం పైకి వంగి ఉంటుంది. హెచ్4 కిట్లలో డిమ్, ఫుల్ కోసం బల్బునే అయస్కాంతంతో ముందుకీ వెనక్కీ జరుపుతారు, లేదా పైన రేకు తొడుగు పెడతారు. అది ఒక మిల్లీమీటరు అటూఇటూ అయినా గీత చెదిరిపోతుంది. గీత పైన చీకటిగా ఉండాల్సిన చోట తెల్లటి పొగలా వెలుగు లేస్తుంది. అంటే పెరిగిన ఆ రెండింతలూ మూడింతలూ రోడ్డు మీద పడవు, ఎదురొచ్చేవాడి కళ్లలోకి, చెట్ల మీదికి, మీ ముందున్న బస్సు అద్దంలోకి పోతాయి.

మీకు మాత్రం చాలా బాగున్నట్టు అనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. బానెట్ ముందు పది పదిహేను మీటర్లు తెల్లగా పరుచుకుంటుంది, ఆ వెలుగుకు కంటి పాప చిన్నదవుతుంది, దాంతో 50, 60 మీటర్ల దూరంలో ఉన్న రాయి ఇంతకు ముందుకన్నా ఇంకా మసకగా కనిపిస్తుంది. మీరు కిట్ అడుగుతున్నదే ఆ రాయి కోసం కదా.

8000 కెల్విన్ సంగతి ఇంకో మెట్టు కింద. కంపెనీ జినాన్లు 4300 కెల్విన్ దగ్గర ఉంటాయి, దాదాపు పగటి తెలుపు. అంకె పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది, వెలుగు తగ్గుతుంది. వాన పడ్డ తారు రోడ్డు మీద, డిసెంబరులో తెల్లవారుజాము మంచులో నీలి లైటు మీ కళ్లకే ఎదురు తిరుగుతుంది. కెల్విన్ అనేది రంగు కొలత, వెలుగు కొలత కాదు. ఈ రెండూ కలిపి చెప్పేవాడి దగ్గర ఏదీ కొనకండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కింద నేనూ నా కారుకు ఇలాంటి కిట్టే వేయించాను. నెల రోజులు సంబరంగానే తిరిగాను. ఒక రాత్రి నార్కట్‌పల్లి నుంచి నల్లగొండకు బైక్ మీద వస్తున్నాను, అటు నుంచి మా బామ్మర్ది నా కారు తీసుకుని ఎదురొచ్చాడు. డిమ్‌లోనే ఉన్నాడు. నాకు రోడ్డు మాయమైపోయింది, తెల్లగోడ తప్ప ఏమీ లేదు. నా ముందు టీవీఎస్ ఎక్సెల్ మీద పాలక్యాన్లతో పోతున్న పెద్దాయన బండి ఆపేసి, కాలు మట్టిలో ఆనించి, మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కారు దాటిపోయాక కూడా ఆయన వెంటనే కదల్లేదు, కళ్లు నులుముకుంటూ అలాగే నిలబడ్డాడు. క్యాన్ మూత ఊగుతున్న చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. నెల రోజుల్లో నా లైట్లకు అట్లా ఎంతమంది ఆగారో, ఎంతమంది ఆగకుండా రోడ్డు దిగిపోయారో నాకు తెలియదు. మర్నాడు పొద్దున్నే కిట్ ఊడదీయించాను.

యూరప్ నిబంధనల్లో 2000 ల్యూమెన్లు దాటిన బల్బును డిమ్‌కు వాడాలంటే బరువును బట్టి లైటు తనంతట తానే కిందికి సర్దుకునే ఏర్పాటు, గ్లాసు కడిగే ఏర్పాటు రెండూ ఉండాలన్నారు. ఊరికే కాదు. వెనక నాలుగు విత్తనాల బస్తాలు వేస్తే మీ కారు ముక్కు పైకి లేస్తుంది, గ్లాసు మీద దుమ్ము పేరుకుంటే వెలుగు అన్ని వైపులా చెదురుతుంది. 1000 ల్యూమెన్లకు అది ఇబ్బంది, 3000కు అది ప్రమాదం. అరగంటలో బిగించే కిట్‌లో ఈ రెండూ ఉండవు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. పైగా ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు ఆ బ్యాలస్ట్ పెట్టె కనబడుతుంది, అప్పుడు మీ వైపు తప్పు లేకపోయినా వాదించడం కష్టమవుతుంది.

సరే, మరి ఆ రాయి కనబడాలంటే ఏం చేయాలి? పదేళ్లు దాటిన కారు, అందులోనూ సెకండ్ హ్యాండ్, దాని హాలోజన్ ఇవ్వాల్సిన వెలుగు ఇవ్వడం లేదు, నా అనుమానమంతా దాని మీదే. ముందు వోల్టేజి చూపించండి. ఇంజన్ నడుస్తుండగా లైట్లు వేసి, వైరింగ్ మేస్త్రీతో బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు హోల్డర్ వెనక ఒకసారి మీటరు పెట్టించండి, బల్బు వెలుగుతూనే ఉండాలి, పిన్ను ఊడదీసి చూస్తే ఆ రీడింగ్‌కు అర్థం లేదు. బ్యాటరీ దగ్గర 14 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. పాత కార్లలో బల్బు దగ్గరికి వచ్చేసరికి 12, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. బల్బు అట్ట మీది వెలుగు లెక్క 13.2 వోల్టుల దగ్గరిది. 12 వోల్టులే అందితే నాలుగో వంతుకు పైగా వెలుగు అక్కడే పోయినట్టు, ఎందుకంటే హాలోజన్‌లో వోల్టేజి కొంచెం తగ్గినా వెలుగు చాలా ఎక్కువ పడిపోతుంది. తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు, కాలి నల్లబడ్డ హోల్డర్, స్టీరింగ్ కింద స్విచ్ దాకా పోయి తిరిగొచ్చే సన్నటి వైరు, ఇవే దొంగలు.

తేడా అర వోల్టు దాటితే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) వైరింగ్ వేయించండి. బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజు, ఫ్యూజు నుంచి రిలే, అక్కడి నుంచి మందపాటి రాగి వైరు సిరామిక్ హోల్డర్ దాకా. పాత హోల్డర్‌లోని కరెంటు రిలేను మీటడానికే పనికొస్తుంది, భారమంతా కొత్త వైరు మోస్తుంది. కొన్ని కార్లలో హెడ్‌లైట్ స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది, మేస్త్రీ ముందు అది చూసుకుని దానికి సరిపడే కిట్ తేవాలి, లేకపోతే లైట్లు సరిగా పనిచేయవు. తర్వాత కొత్త బల్బులు రెండూ ఒకేసారి, ఫిలిప్స్ గానీ ఓస్రామ్ గానీ, మామూలు 60/55 వాట్లవే, నమ్మకమైన దుకాణంలో. నీలి పూత ఉన్నవి తీసుకోకండి, ఆ పూత వెలుగును కొంత మింగేస్తుంది.

గ్లాసు పసుపుబారిందా చూడండి. అది గాజు కాదు, పాలికార్బొనేట్ ప్లాస్టిక్, ఎండకు పైపూత పోయి మసకబారుతుంది, మన దగ్గర ఎండల సంగతి చెప్పక్కర్లేదు. పేస్టుతో రుద్దితే నెల రోజులు మెరుస్తుంది, మళ్లీ మామూలే. పెయింటింగ్ షాపులో దొరికే వాటర్ పేపర్‌తో 1000, 1500, 2000 నంబర్లు వరుసగా నీళ్లు పోస్తూ రుద్ది, పాలిష్ పట్టి, పైన ఎండను ఆపే క్లియర్ కోటు కొట్టిస్తేనే నిలుస్తుంది. కోటు లేకుండా వదిలేస్తే ముందుకన్నా తొందరగా పాడవుతుంది. లోపలి డూమ్ మెరుపు పోయి మచ్చలు పడితే మాత్రం రుద్ది లాభం లేదు, కంపెనీ హెడ్‌లైట్ జత మార్చడమే. ఆ కిట్‌కు పెట్టే డబ్బులు ఇటు పెట్టండి.

చివరగా, లెవెల్. సాయంత్రం చీకటి పడ్డాక స్కూలు కాంపౌండ్ గోడో, రైస్‌మిల్లు గోడో, నేల చదునుగా ఉన్న చోటు చూసుకోండి. టైర్లలో గాలి సరిగా పెట్టించి, డ్రైవరు సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి, డ్యాష్‌బోర్డు మీద లెవెలింగ్ గుండీ ఉంటే సున్నాకు తిప్పి, గోడకు 10 మీటర్ల దూరంలో నిలపండి. హెడ్‌లైట్ నడిమి భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి గోడ మీద సుద్దతో అదే ఎత్తులో గీత గీయండి, దానికి 10 సెంటీమీటర్లు కింద ఇంకో గీత. డిమ్ వెలుగు పై అంచు ఈ కింది గీత మీద కూర్చోవాలి, ఎడమన లేచే మూల తప్ప ఏదీ పై గీతను దాటకూడదు. హెడ్‌లైట్ వెనక స్క్రూలు ఉంటాయి, కొద్దికొద్దిగా తిప్పుతూ సరిచేయాలి. చాలా కార్లలో చూస్తుంటాను, ఒక లైటు బానెట్ ముందే పడుతుంటుంది, రెండోది చెట్టెక్కుతుంటుంది, యజమానేమో బల్బులు బాగోలేవంటాడు.

ఇవన్నీ చేశాక కూడా డిమ్‌లో మీకు అందేది 50, 60 మీటర్లే. గంటకు 80లో పోతే సెకనుకు 22 మీటర్లు పోతారు, రాయిని చూసి కాలు బ్రేకు మీదికి వచ్చేసరికే 30 మీటర్లు అయిపోతాయి. వడ్లు ఆరబోసే రోజుల్లో ఆ రోడ్డు మీద 60 దాటకండి, ఎదురుగా ఎవరూ లేనప్పుడు ఫుల్ వేసుకోండి, బండి కనబడగానే దించండి.

ప్రశ్న: మా అబ్బాయి బల్బు కిట్ కాకుండా లోపల ప్రొజెక్టర్ పెట్టించి జినాన్ వేస్తానంటున్నాడు. అది తప్పు కాదంటాడు, నిజమేనా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: సాంకేతికంగా మీవాడు సగం సరైన దారిలో ఉన్నాడు. ప్రొజెక్టర్‌లో ముందు లెన్సు, లోపల గీత గీసే రేకు జినాన్ కోసమే చేసి ఉంటాయి, సరిగా కూర్చుంటే గీత చక్కగా వస్తుంది. సరిగా కూర్చోవడమే కష్టం. హెడ్‌లైట్‌ను వేడి చేసి గ్లాసు ఊడదీసి, డూమ్ కోసి, లెన్సు బిగించి మళ్లీ అతికిస్తారు. కొంచెం వంకరైతే గీత పక్కకు వాలుతుంది, అతుకు సరిగా పడకపోతే తొలకరికే లోపల ఆవిరి పడుతుంది. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ పని శ్రద్ధగా చేసినవి నేను చూసింది తక్కువ. ఇక చట్టం దృష్టిలో ఇదీ కంపెనీ ఇవ్వని మార్పే, పైన రాసిన 182ఎ దీనికీ వర్తిస్తుంది. అంతగా కావాలనుకుంటే కారు మార్చే టైములో కంపెనీ నుంచే మంచి లైట్లతో వచ్చే వేరియంట్ చూసుకోమనండి.

ప్రశ్న: హెచ్‌ఐడీ వద్దంటే 100/90 హాలోజన్ వేసుకోవచ్చా? ఎల్‌ఈడీ బల్బులైనా పర్వాలేదా?
– ఒక డ్రైవర్ సోదరుడు, మిర్యాలగూడ

జవాబు: 100/90 వద్దు. డిమ్‌లోనే రెండు బల్బులకు 9 ఆంపియర్ల చోట 15 లాగుతాయి, కంపెనీ వైరు, హోల్డర్ కరిగిపోతాయి, వేడికి డూమ్ పూత పొట్టులా లేస్తుంది. రిలే వేసి వైరు కాపాడుకున్నా డూమ్‌ను కాపాడుకోలేరు, ఎదుటివాడి కళ్లను అసలే కాపాడలేరు. ఎల్‌ఈడీ బల్బుదీ జినాన్ కథే. వెలుగు పుట్టే చోటు తీగచుట్ట ఉన్న చోటే ఉండాలి, ఈ చిప్పులు బద్దకు అటొకటి ఇటొకటి అతికించి ఉంటాయి. గీత చెదురుతుంది. పైగా వెనక ఫ్యాను దుమ్ము పట్టి ఆగితే బల్బు మసకబారుతుంది.

ప్రశ్న: సార్, నేను వనపర్తిలో పని చేస్తూ రోజూ పెబ్బేరు నుంచి స్కూటీ మీద వచ్చిపోతుంటాను. రాత్రి ఏడున్నర తర్వాత ఎదురొచ్చే కార్ల తెల్లలైట్లకు రెండుసార్లు రోడ్డు దిగి పడబోయాను. రాత్రి ప్రయాణమంటేనే టెన్షన్‌గా ఉంటోంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, పెబ్బేరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం, పైన దేవరకొండ తమ్ముడి ఉత్తరం ఒకే వారంలో వచ్చాయి, అందుకే ఒకే పేజీలో వేస్తున్నాను. ఆయన మిమ్మల్ని చదవాలని.

ఎదురుగా ఆ లైటు కనబడగానే యాక్సిలరేటర్ వదిలేయండి, అది మీ పక్కకు వచ్చేదాకా చూస్తూ ఉండకండి. చూపును మీ ఎడమ వైపు తెల్లగీత మీదికి, గీత లేకపోతే తారు, మట్టి కలిసే అంచు మీదికి దించండి, మొహం తిప్పొద్దు, కళ్లు మాత్రమే. కారు దాటిపోయాక చూపు మళ్లీ కుదురుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ సెకన్లలో వేగం పెంచకండి. మీరూ ఎదురు ఫుల్ కొట్టకండి, అప్పుడు ఇద్దరికీ కనబడదు. హెల్మెట్ అద్దం గీతలు పడి ఉంటే ఈ వారమే మార్చండి, ఒక్కో గీత ఆ లైటును చుక్కలు చుక్కలుగా విరజిమ్ముతుంది, పాత అద్దానికీ కొత్తదానికీ మీకు మొదటి రాత్రే తేడా తెలుస్తుంది. రాత్రిపూట నల్ల అద్దం, పసుపు అద్దం వద్దు, తెల్లదే. కళ్లజోడు ఉంటే నంబరు ఒకసారి చూపించుకోండి. మీ స్కూటీ లైటు కూడా పైకి చూస్తోందేమో గోడ దగ్గర నిలిపి చూసుకోండి, వెనక రేడియం స్టిక్కరు అతికించండి.